విశాఖలో చదివే ఆఫ్రికా విద్యార్థులు రంగు వివక్షతో కుంగిపోతుంటే మనం ఏం చేయగలం?

ముందు "పట్టించుకోకు బాబూ" అనడం మానేయాలి. ఆ తప్పు చేసినవాణ్ని కాబట్టే చెబుతున్నా.

మద్దిలపాలెంలో మాది జిరాక్స్, బైండింగ్ షాపు. ఇథియోపియా నుంచి వచ్చి పీహెచ్‌డీ చేసిన ఒకబ్బాయి నాలుగేళ్లు మా దగ్గరే ప్రింట్లు తీయించుకున్నాడు. ఎవరు నేర్పారో గానీ నన్ను "అన్నగారూ" అనేవాడు. ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో కుర్రాళ్లు నలుగురు అడక్కుండా పక్కన చేరి సెల్ఫీలు దిగారట. వద్దంటే జుట్టు పట్టుకుని చూశారట. మర్నాడు వచ్చి చెబితే నేను కాగితాలు సర్దుకుంటూనే "ఆకతాయి వెధవలు, పట్టించుకోకు. అందరూ అలా ఉండరులే" అన్నాను. అతని బాధ వినకుండా ఊరి పరువు కాపాడానన్నమాట. సరేనని వెళ్లాడు. మూడు వారాలు మళ్లీ రాలేదు.

రాత్రిళ్లు నిద్రపోవట్లేదనీ, 10కె బస్సెక్కడం మానేశాడనీ, వెనక ఎవరు నవ్వినా ఉలిక్కిపడుతున్నాడనీ అతని రూమ్మేట్ చెప్పాడు. సైకాలజీ పిల్లల థీసిస్‌లు టైప్ చేసీ చేసీ నాకు కొన్ని పేర్లు నోటికొచ్చేశాయి. రాబర్ట్ కార్టర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2007లో రాసింది సరిగ్గా ఇదే: జాతి వివక్ష కూడా మనిషిని గాయపరుస్తుంది, నిద్ర పోగొడుతుంది, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు బతికేలా చేస్తుంది.

అరకు నుంచి తెప్పించిన పచ్చి కాఫీ గింజలు పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. పెనం మీద వేయించి, దంచి, కాచాడు. వాళ్ల పద్ధతిలో మూడు విడతలు తాగాలి, లేవకూడదు. నేను నోరు మూసుకుని కూర్చున్నా. రెండో కప్పు దగ్గర అసలు మాట బయటికొచ్చింది. కుర్రాళ్ల సంగతి అటుంచితే, ఒక పెద్దాయన కొడుకుని భుజాలకెత్తుకుని మరీ తనని చూపించాడట, జూలో చూపించినట్టు.

పోలీసులకి చెబుదాం, నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ అది అతని ఇష్టం. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, దాని 14416 నంబరు రాసిచ్చాను. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులక్కర్లేదు. ఇంగ్లీషులోనూ మాట్లాడొచ్చు. కానీ అర్ధరాత్రి ఏడుపు వాళ్ల భాష అమ్హారిక్‌లోనే వస్తుంది కదా, అందుకే వాళ్ల దేశపు సీనియర్ ఒకరి నంబరు కూడా దగ్గర పెట్టుకోమన్నాను. ఆ తర్వాత మళ్లీ షాపుకి రావడం మొదలుపెట్టాడు. బీచ్‌కి మాత్రం వెళ్లలేదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని "మా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపితే మా షాపు ముందు టీ తాగేవాళ్లంతా రగిలిపోయారు. మరుసటి నెలే గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులని గుంపు చితకబాదింది. ఆ రోజు టీ కబుర్లలో క్రికెట్టే నడిచింది.

పెళ్లి బయోడేటాలు కూడా నేనే టైప్ చేస్తాను. ఇన్నేళ్లలో "నలుపు" అని రాయించినవాళ్లు ఒక్కరూ లేరు. "చామనఛాయ" అన్నది కూడా గొంతు తగ్గించి చెబుతారు. మొన్న ఒకాయన కూతురి ఫొటో ఇచ్చి "కాస్త తెలుపు పెంచు" అన్నాడు. ఇంకు అయిపోయిందని చెప్పి పంపేశాను.