గుండెలో టిక్ టిక్, కంచంలో గోంగూర

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. మూడు నెలల క్రితం గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) తీసేసి లోహపు వాల్వ్ వేశారు. రాత్రిళ్లు గుండెలో టిక్ టిక్ మంటోందని నిద్రపోవడం లేదు. ఆకుకూరలు తినకూడదని ఎవరో చెప్తే గోంగూర కూడా మానేసింది. ఏం చేయాలి?
– ఓ కూతురు, ఖమ్మం

జవాబు: ఆ చప్పుడు గురించి టెన్షన్ వద్దమ్మా. వాల్వ్ రెక్కలు మూసుకున్నప్పుడల్లా వచ్చేదే అది, ఫ్యాన్ వేసుకుని పడుకుంటే అంతగా వినిపించదు, కొన్నాళ్లకు అలవాటైపోతుంది. కానీ చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గోంగూర మానక్కర్లేదు. లోహపు వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా రక్తం పలచన చేసే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు ఇస్తారు. ఆకుకూరల్లోని విటమిన్ కె వాటి పని తగ్గిస్తుంది, అందుకే ఒక వారం రోజూ పాలకూర పప్పు తిని మరుసటి వారం అసలు ముట్టకపోతే ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) అటూ ఇటూ అవుతుంది. ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తిననివ్వండి. మైట్రల్ లోహపు వాల్వ్‌కి ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు, అమ్మగారికి ఎంతో డాక్టర్‌నే అడిగి వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టండి, మాత్ర వేసుకున్న ప్రతిరోజూ ఆ తేదీ మీద టిక్కు పెట్టించండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయొద్దు. ఒళ్లునొప్పులకని మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి కొనొద్దు. పన్ను తీయించాలన్నా వాల్వ్ సంగతి ముందే చెప్పండి.