బాలిలో ఒక్క రోజులో ఎన్ని జలపాతాలు కవర్ చేయొచ్చు?

ఒకటి. అది కూడా పొద్దున్నే బయల్దేరితే.

హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో వెళ్తున్నామని, నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయని, ఏజెంటేమో ఒకే రోజులో నాలుగు జలపాతాలు చూపిస్తానంటున్నాడని రాశారు. సరిగ్గా అదే కాగితం మాకూ ఇచ్చారండీ. "మూడో రోజు: నాలుగు వాటర్‌ఫాల్స్, ఒక సరస్సు, ఒక గుడి, షాపింగ్." రాసినాయన మ్యాప్ మీద వేలు పెట్టి కొలిచి ఉంటాడు. ఆ మ్యాప్‌లో బాలి మొత్తం వేలిగోరంత. నేల మీద మాత్రం టూరిస్టులు ఎక్కువగా బస చేసే ఉబుద్ నుంచి ఉత్తరాన ఉన్న సెకుంపుల్ జలపాతానికి కొండ దారిలో రెండు, రెండున్నర గంటలు. తిరిగి రావడానికి మళ్లీ అంతే. మధ్యలో లారీ అడ్డొస్తే మీ అదృష్టం.

మేం వెళ్లింది సంక్రాంతి సెలవుల్లో. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, మా అమ్మ. బాలి భూమధ్యరేఖకు దిగువన ఉంటుంది, అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా వానాకాలం. ఈ ముక్క డబ్బు కట్టేదాకా ఎవరూ చెప్పలేదు. కట్టాక అడిగితే, "వాటర్‌ఫాల్స్‌లో వాటర్ ఎక్కువుంటది సార్, మంచిదే గదా" అన్నాడు మా ఏజెంటు. ఈ మనిషి ఎలక్షన్లలో నిలబడితే గెలుస్తాడు.

విమానాశ్రయంలో వీసాకు తలా 5 లక్షలు. ఇండోనేషియా రుపియాలు లెండి, మన డబ్బుల్లో రెండున్నర వేల పైన. 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్టు పన్ను తలా ఇంకో లక్షన్నర. నలుగురికీ కలిపి 26 లక్షలని నేను పైకి లెక్కేస్తుంటే అమ్మ వింది. "ఆ పైసలతోటి ఘట్‌కేసర్ దిక్కు ఓ ప్లాట్ తీసుకుంటుంటిమి గదరా" అంది. విషయం వివరించినా హోటల్ చేరేదాకా నమ్మలేదు.

ఇక మీరు అడగని అసలు సంగతి. మెట్లు.

ఫొటోల్లో జలపాతం ముందు నిలబడ్డ అమ్మాయి కనిపిస్తుంది, ఆ అమ్మాయి దిగొచ్చిన మెట్లు కనిపించవు. బాలి కొండలు అగ్నిపర్వతాలు, పెద్దదైన ఆగుంగ్ 3,000 మీటర్లు దాటుతుంది. అవి ఎగజిమ్మిన బూడిద గట్టిపడిన నేలను వాగులు లోతుగా కోసుకుంటూ పోయాయి. అందుకే జలపాతం లోయ అడుగున, మన కారేమో పైన. మన ఎత్తిపోతల అయితే వ్యూ పాయింట్ దగ్గర రెయిలింగ్ పట్టుకుని చూసి, మొక్కజొన్న పొత్తు తిని, సాగర్ వెళ్లిపోవచ్చు. ఇక్కడ ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లు కూడా తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని వస్తారు. ఇది దానికి తిరగేసిన యాత్ర. ఉత్సాహమంతా దిగేటప్పుడే అయిపోతుంది, ఎక్కడానికి బస్సుండదు. మన హైదరాబాద్ వాళ్ల మోకాళ్లను చెడగొట్టింది అపార్ట్‌మెంట్ లిఫ్టులని నా గట్టి నమ్మకం. ఏ డాక్టరూ ఒప్పుకోలేదు, అయినా మార్చుకోను.

సెకుంపుల్ దగ్గరికి వస్తున్నామనగా దారి పక్కన గుడిసె ముందు ఇద్దరు కారాపి, టికెట్ ఇక్కడే కొనాలి, గైడ్ లేకుండా పంపం అన్నారు. మా డ్రైవర్ అద్దం దించకుండానే చెయ్యూపి ముందుకు పోనిచ్చాడు. అసలు కౌంటర్ ఇంకా ముందుంది. అక్కడ వ్యూ పాయింట్ వరకే అయితే ఒక రేటు, కిందికి దిగాలంటే గైడ్‌తో కలిపి ఇంకో రేటు. రోడ్డు మీద ఎవరు ఆపినా ఆగకండి, మీ డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచండి.

కౌంటర్ నుంచి లవంగం చెట్లు, కాఫీ చెట్ల మధ్య నడిచి, కొన్ని మెట్లు దిగితే వ్యూ పాయింట్. ఎదురుగా పచ్చటి గోడ, దాని మీంచి 80 మీటర్ల ధారలు పడుతున్నాయి. సెకుంపుల్ పేరులో ఉన్న 'కుంపుల్' అంటేనే గుమిగూడడం. చిన్నా పెద్దా చాలా ఉన్నాయట, పైనుంచి నాకు బాగా కనిపించినవి రెండు. మా అమ్మ ఒక్క నిమిషం చూసి, పక్కనే కాఫీ కొట్టు బల్ల మీద కూర్చుంది. "నేను గీడనే కూసుంట. మీరు పోయి రాండ్రి." బతిమాలాను. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, అడుగుదాకా దిగకపోతే ఎలాగని. "ఈడికెల్లి కనవడుతలేదా ఏంది?" అంది. సంచిలోంచి సకినాల డబ్బా తీసింది.

మేం ముగ్గురం గైడ్ కుర్రాడి వెంట దిగాం. నేను 340 మెట్ల దాకా లెక్కపెట్టాను, తర్వాత మా ఆవిడ చెప్పు తెగడంతో లెక్క తప్పింది. (చెప్పుల సంగతి వేరే చెప్పాలి. వెనక పట్టీ ఉన్న గట్టి శాండల్స్ వేసుకోండి. స్లిప్పర్లతో వచ్చిన మన తెలుగు గుంపు ఒకటి మెట్ల మీద చేసిన విన్యాసాలు చూసి నాకు చెమటలు పట్టాయి.) కింద మోకాలి లోతు వాగు దాటాలి. దాటి, నీటి తుంపర మొహానికి తగులుతుండగా, గైడ్ ఆగిపోయాడు. మా మీద చినుకు లేదు. కానీ రెండు ధారల్లో ఒకటి రంగు మారింది. పావుగంట కింద తెల్లగా ఉన్నది టీ రంగుకొచ్చింది. రెండోది మాత్రం అలాగే పాలలా ఉంది. ఒకే గోడ మీద పక్కపక్కన తెలుపు, గోధుమ. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. నేను ఫోన్ తీశాను. గైడ్ నా చెయ్యి పట్టుకుని, "నైక్, నైక్" అన్నాడు. ఎక్కు, ఎక్కు అని. తెల్లటిది ఊట నీరు, వానొచ్చినా మారదు. రెండోది పై నుంచి వచ్చే వాగు. అది రంగు మారిందంటే పైన కొండల్లో వాన దంచుతోందని అర్థం, దాటొచ్చిన మోకాలి లోతు ఇక మోకాలి లోతు ఉండదు.

నాకు చిరాకొచ్చింది, దాచడం ఎందుకు. ఇంకో యాభై అడుగులు నడిస్తే అడుగున ఉంటాం. "టూ మినిట్స్" అన్నాను. అతను నాతో వాదించలేదు, మా అబ్బాయిని భుజాన ఎత్తుకుని వాగులోకి దిగిపోయాడు. ఇంకేం చేస్తాం, వెనకే దిగాం. ఈసారి నీళ్లు తొడ దాకా వచ్చాయి, కాళ్ల కింద రాళ్లు కదులుతున్నట్టు తెలిసింది. ఒడ్డెక్కాక నాకు మాట రాలేదు. 2023 జూలైలో మన ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లినవాళ్లు వాగు పొంగి అడవిలో ఇరుక్కుంటే, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రికి రాత్రి వెళ్లి బయటికి తెచ్చారు. అప్పుడు టీవీ చూస్తూ, చదువుకున్నవాళ్లకు ఆ మాత్రం తెలియదా అని తిట్టినవాణ్ని నేనే.

పైకి ఎక్కడానికి ముప్పావు గంట. నాలుగు చోట్ల కూలబడ్డాను. వానలో తడిసి, బురదతో వ్యూ పాయింట్ చేరేసరికి మా అమ్మ రేకు కింద పొడిగా, కొట్టు నడిపే ఆవిడతో కబుర్లలో ఉంది. ఏ భాషలో అంటే ఏం చెప్పాలి? వాళ్ల మధ్య సకినాల డబ్బా సగం ఖాళీ. అమ్మ ముందు గ్లాసులో వడకట్టని బాలి కాఫీ, పొడి అడుగున పేరుకుని ఉంది. "వాగు నీళ్ల లెక్కుంది గని మంచిగుంది" అంది.

నన్ను చూడగానే ఆ కొట్టావిడ మా ఆవిడ వైపు చెయ్యి చూపించి, "ఇస్త్రీ?" అని అడిగింది. మా ఆవిడ తడిసి నలిగిన చుడీదార్ వంక చూసుకుంది. అమ్మ పడీ పడీ నవ్వింది. వాళ్ల భాషలో ఇస్త్రి అంటే భార్యట, స్త్రీ నుంచి వచ్చింది. భర్త సువామి, అంటే మన స్వామి. తల కెపాల, మన కపాలం. కూర్చున్న చోటునుంచి కదలకుండా అమ్మ ఇవన్నీ పోగేసింది. "నీళ్లను తోయ అంటరట్రా. తోయజాక్షి అని పాటల్ల ఒస్తది సూడు, గదే." గైడ్‌ని అడిగితే నిజమే అన్నాడు. మామూలుగా యెహ్ అంటారు, పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడేటప్పుడు తోయ అంటారట.

రెండు రంగుల ధారలు మొదట పక్కపక్కన పడటం, తర్వాత మబ్బు దిగి ఒకటి మాయమవడం, మళ్లీ రావడం, అన్నీ అమ్మ చూసింది. నాకు మిగిలింది ఆగాగి తీసిన ఏడు ఫొటోలు, అన్నిట్లోనూ లెన్స్ మీద నీటి చుక్క. ఏజెంట్ కాగితంలోని మిగతా మూడు జలపాతాలు చూడలేదు. ఎవరికీ బాధ కలగలేదు, డబ్బు కట్టిన నాకు తప్ప.

మీ నాన్నగారి విషయానికొస్తే, ఉబుద్‌కు దగ్గర్లో టెగెనుంగన్ ఉంది. పార్కింగ్ పక్కన కొట్ల దగ్గర నుంచే జలపాతం కనిపిస్తుంది, దిగకపోయినా పర్వాలేదు. తొమ్మిది దాటితే ఫొటోలకు క్యూ కడతారు, ఎనిమిదిలోపు వెళ్లండి. సెకుంపుల్ చూడాలనుకుంటే ముందు రోజు రాత్రి ఉత్తరాన కొండల్లో ఉన్న ముండుక్ ఊరి వైపు ఎక్కడైనా బస చేయండి, ఉబుద్ నుంచి వెళ్లి రావద్దు. పెద్దవాళ్లిద్దరికీ వ్యూ పాయింట్ టికెట్ చాలు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య అయితే వాన గొడవ తక్కువ.

సకినాలు తీసుకెళ్తే స్టీలు డబ్బాలోనే పెట్టండి. కవర్లో పెడితే సూట్‌కేసులో పొడి అవుతాయి, మా ఆవిడ పెట్టినవి అయ్యాయి.