ఇటుక రంగుకు తిరిగిన బరోలో పాడైనట్టేనా?

ప్రశ్న: 2004 నాటి బరోలో (ఇటలీ ఎర్ర వైన్) సీసా తెరిచాం. ఎర్రగా లేదు, గ్లాసు అంచున ఇటుకపొడి రంగు. సీసా అడుగున మడ్డి. పారబోయాలా?

జవాబు: ముందు వాసన చూడండి. బరోలోను నెబ్బియోలో ద్రాక్ష ఒక్కదానితోనే చేస్తారు. ఈ పండు తొక్కలో రంగు మొదటినుంచీ తక్కువ, ఉన్నదీ త్వరగా వెలిసే రకం. వగరూ పులుపూ మాత్రం దండిగా ఉంటాయి. కాబట్టి ఇరవై ఏళ్ల సీసాలో అంచు నారింజకు తిరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. మడ్డి అంటే వగరు పదార్థమూ రంగూ ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి కిందికి దిగినదే. హాని చేయదు గానీ నోట్లో ఇసుకలా, చేదుగా తగులుతుంది.

ఎండిన గులాబీ రేకులు, తారు, తోలు, పుట్టగొడుగు వాసనలొస్తే వైన్ బాగున్నట్టే. తడిసి ముక్కిన అట్టపెట్టె కంపు కొడితే బిరడా దోషం. దానికి కారణం టీసీఏ అనే పదార్థం. ఎన్ని గంటలు గాలికి పెట్టినా పోదు. వెనిగర్ ఘాటు వస్తే కూడా ఆశ వదులుకోవాల్సిందే.

ప్రశ్న: బిరడా మధ్యలో విరిగింది, మడ్డంతా గ్లాసుల్లోకి వచ్చింది. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: పడుకోబెట్టిన సీసాను అప్పటికప్పుడు నిలబెట్టి తెరిచి ఉంటారు. పాత సీసాను కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు నిటారుగా ఉంచాలి. పాత బిరడా మెత్తబడి ఉంటుంది, మరమేకు దిగగానే పొడిపొడి అవుతుంది. రెండు పలచటి రేకులున్న ఓపెనరైతే బిరడాకూ గాజుకూ మధ్య రేకుల్ని అటూ ఇటూ ఊపుతూ దించి, మెలితిప్పుతూ పైకి లాగొచ్చు. విరిగితే కంగారొద్దు, సన్నటి జల్లెడలోంచి వంచితే సరి.

వేరే పాత్రలోకి వంచేటప్పుడు సీసా మెడ కింద దీపమో టార్చో పెట్టి, చెయ్యి ఆపకుండా నెమ్మదిగా పోయాలి. మధ్యలో ఆపి సీసా నిలబెడితే మడ్డి మళ్లీ లేస్తుంది. భుజం దగ్గర నల్లటి చార కనిపించగానే ఆపేయండి. 750 మిల్లీలీటర్ల సీసాలో ఓ యాభై వదులుకోవడానికి వెనకాడకండి. ముసలి వైన్‌ను సరిగ్గా తాగబోయే ముందు మాత్రమే వంచాలి, ఎక్కువసేపు గాలి తగిలితే ఉన్న పరిమళమూ పోతుంది. ఆరేడేళ్ల కుర్ర బరోలోకైతే రెండు మూడు గంటల గాలి కావాలి. దేనికైనా 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. మరీ చల్లబరిస్తే వగరు కరకరలాడుతుంది.

ప్రశ్న: ఒకే ఏడాది పంట. లా మొర్రా ఊరి బరోలో మెత్తగా ఉంది, సెర్రలుంగా ఊరిది నాలుకను పట్టేసింది. కల్తీయా?

జవాబు: కాదు, నేల తేడా. బరోలో మండలం వాయవ్య ఇటలీలోని పియెమోంటెలో, ఆల్బా పట్టణానికి నైరుతిగా లాంగే కొండల మీద ఉంది, మొత్తం పదకొండు ఊళ్లు. పడమటనున్న లా మొర్రా, బరోలో ఊళ్ల చుట్టూ నీలిబూడిద రంగు సుద్దమట్టి ఎక్కువ, అక్కడి వైన్ పరిమళంగా, త్వరగా మెత్తబడుతుంది. తూర్పున సెర్రలుంగా, మోన్‌ఫోర్తెల్లో ఇసుకరాయి కలిసిన పాత నేలలు, అక్కడిది గట్టి సరుకు. పదేళ్లలోపు తెరిస్తే తొందరే. మీ రెండు సీసాలూ బాగానే ఉన్నాయి, ఒకటి ఇంకా పండలేదు. ఇలాంటి మెట్టలమీద కూడా ఉత్తరానికి తిరిగిన వాలునూ లోయ అడుగునూ బరోలో నియమాలు ఒప్పుకోవు. నెబ్బియోలో ఆలస్యంగా, మామూలుగా అక్టోబరులో పండుతుంది, అలాంటి చోట దానికి ఎండ చాలదు.

ప్రశ్న: లేబుల్ మీద రిజెర్వా అని ఉంటే?

జవాబు: మామూలు బరోలోకు పంట ఏటి నవంబరు 1 నుంచి 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు కొయ్య పీపాల్లో. రిజెర్వాకు 62 నెలలు. అంటే 2020 పంట 2024 జనవరిలో అంగడికొస్తే, దాని రిజెర్వా 2026 జనవరిలో. ఆల్బాకు అవతలి వైపునున్న బార్బరెస్కో వైన్‌దీ అదే ద్రాక్ష, కానీ దానికి 26 నెలలు చాలు. రెండింటికీ 1980లోనే డీఓసీజీ (ఇటలీ వైన్లకిచ్చే అత్యున్నత) హోదా వచ్చింది.