పాత ప్రేమలూ, పప్పుచారూ పుస్తకంగా వేస్తే కేసులవుతాయా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు, హైదరాబాదులో ఉంటాను. నా జీవితంలోకి వచ్చి వెళ్లిన ముగ్గురు మగాళ్ల గురించి, వాళ్ల పుణ్యమా అని నేను నేర్చుకున్న వంటల గురించి సరదాగా ఒక పుస్తకం రాస్తున్నాను. మొదటివాడు యూనివర్సిటీలో క్లాస్‌మేట్. హాస్టల్ గదిలో హీటరు మీద ఉప్మా చేసిపెట్టేవాడు, పేజీలకు పేజీలు ప్రేమలేఖలు రాసేవాడు. అవన్నీ దాచాను. రెండో ఆయన నా మాజీ భర్త. పన్నెండేళ్ల కాపురం తరువాత 2009లో పరస్పర అంగీకారంతో విడిపోయాం. మూడో ఆయన బ్యాంకు మేనేజరు. గోంగూర మటన్ అద్భుతంగా వండేవాడు. నా దగ్గర రెండు లక్షలు తీసుకున్నాడు, ఇప్పటికీ ఇవ్వలేదు. అందరి పేర్లూ మారుస్తున్నాను, రాసేదంతా నిజమే, పైగా నవ్వించడానికే. అయినా మా అమ్మాయి "కేసులు పడతాయమ్మా" అని టెన్షన్ పెడుతోంది. ప్రేమలేఖల్లోని భాగాలు, చనిపోయిన మా అత్తగారు నాకిచ్చిన వంటల నోటుబుక్కు, ఫ్యామిలీ కోర్టులో జరిగిన ఒక తమాషా కూడా పుస్తకంలో పెట్టాలని ఉంది. పుస్తకానికి "ఫలానా వారింటి పప్పుచారు" అని మా మాజీ అత్తింటివాళ్ల ఇంటిపేరుతో పేరు అనుకున్నాను. ప్రచురణకర్త అగ్రిమెంటు పంపాడు, సంతకం పెట్టమంటారా?
(పేరు ప్రచురించవద్దు)

జవాబు: రాయండమ్మా. మీ జీవితం గురించి మీరు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి, ఎందుకో చివర్లో చెబుతాను. ముందు, మీరు ధీమాగా రాసిన మూడు మాటలున్నాయే, పేర్లు మార్చాను, అంతా నిజమే, నవ్వించడానికే అని, ఆ మూడింటిలో ఏదీ కోర్టులో మీరనుకున్నంత గట్టిగా నిలబడదు.

పేర్ల సంగతే చూడండి. పరువు నష్టం కేసులో పుస్తకంలో ఏ పేరుందన్నది కాదు చూసేది. ఆ మనిషిని ఎరిగినవాళ్లు చదివి "ఇది మన ఫలానాయన కథే" అని పోల్చుకోగలిగారా లేదా అని చూస్తారు. అట్ట మీద మీ పేరు ఉంటుంది. మీ మాజీ భర్త ఒక్కరే. ఆయనకు ఆనందరావు అని పేరు పెట్టినా, అప్పారావు అని పెట్టినా రెండు వైపుల చుట్టాలకూ ఆయనెవరో తెలుసు. అలాంటప్పుడు ఇంటిపేరును ఏకంగా అట్ట మీదకు ఎక్కించడం దేనికి? మనవాళ్లలో ఇంటిపేరు, ఊరు కలిస్తే మనిషిని పట్టుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ పేరు వదిలేయండి. పప్పుచారు మటుకు ఉంచుకోండి.

పేరు మార్చేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. 1908లో ఇంగ్లండులో ఒక పత్రిక సరదా వ్యాసం వేసింది. ఆర్టెమస్ జోన్స్ అనే చర్చి పెద్దమనిషి ఫ్రాన్సులోని డియెప్ ఊళ్లో తన భార్య కాని ఆవిడతో షికారు చేస్తున్నాడని అందులో ఉంది. అది ఊహించి పెట్టిన పేరేనని పత్రికవాళ్ల వాదన. తీరా చూస్తే ఆ పేరుతో నిజంగానే ఒక బారిస్టరు ఉన్నాడు. ఆయన దావా వేశాడు, స్నేహితులు వచ్చి "మేం ఈయనే అనుకున్నాం" అని సాక్ష్యం చెప్పారు. చివరికి అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఆయన పక్షానే నిలిచింది, 1,750 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. కాబట్టి మీ బ్యాంకు మేనేజరుకు కొత్త పేరు పెట్టే ముందు, ఆ పేరు గల మేనేజరు ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. ఇంకా మంచి పని, ఉద్యోగమూ ఊరూ కూడా మార్చేయడం. బ్యాంకు మేనేజరు ఇన్సూరెన్సు ఆఫీసరైతే గోంగూర పులుపేమీ తగ్గదు.

ఇక నిజం సంగతి. పరువు నష్టానికి రెండు దారులున్నాయి. ఒకటి సివిల్ దావా, పరిహారం కోసం. అక్కడ మీరు రాసింది నిజమని నిరూపిస్తే చాలు, కాని నిరూపించే బరువు మీ మీదే ఉంటుంది. రెండోది క్రిమినల్ కేసు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 499, 500 సెక్షన్ల స్థానంలో భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. నేరం రుజువైతే రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ చేయమని శిక్ష వేయవచ్చు. ఇక్కడ నిజమైనంత మాత్రాన సరిపోదు, అది చెప్పడం వల్ల ప్రజలకు మేలు జరగాలి కూడా. మీ మాజీ ప్రియుడు అప్పు ఎగ్గొట్టిన సంగతి తెలిస్తే ప్రజలకు కలిగే మేలేమిటని అవతలి లాయరు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఒక వాక్యం తీసుకుని చూద్దాం. "ఆ మోసగాడు గోంగూర మటన్ పెట్టి నా దగ్గర రెండు లక్షలు కొట్టేశాడు" అని రాశారనుకోండి. మోసం నేరం. ఆ మనిషి నేరం చేశాడని మీరు అచ్చువేస్తున్నారు. "గోంగూర మటన్ తిన్న మైకంలో రెండు లక్షలు చేబదులు ఇచ్చాను. ఆ మటన్ ప్లేటు ఎంత పడిందో ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను" అని రాస్తే? డబ్బు ఇచ్చారు, రాలేదు. అది బ్యాంకు స్టేట్‌మెంటుతో చూపించగలిగే విషయం. మోసగాడన్న మాట లేదు, నవ్వు మీ మీద మీరే వేసుకున్నారు. నాకైతే రెండోదే ఎక్కువ నవ్వు తెప్పించింది. అన్నట్టు, ఆ డబ్బు ఎప్పుడు ఇచ్చారో మీరు రాయలేదు. చేబదులు వసూలుకు దావా వేయాలంటే గడువు సాధారణంగా మూడేళ్లే. అది దాటకపోతే పుస్తకం సంగతి తరువాత, ముందు నోటీసు ఇప్పించండి.

సరదాకే రాశానన్న మాట కోర్టు వింటుంది, కాని ఓ హద్దు వరకే. వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువు నష్టం కావచ్చని 356వ సెక్షన్ వివరణలోనే ఉంది. "మహానుభావుడు, పెళ్లయిన పన్నెండేళ్లలో ఒక్కరోజు కూడా తాగకుండా ఇంటికి రాలేదు, ఎంత క్రమశిక్షణో!" అన్నది పొగడ్త కాదని ఎవరికైనా తెలుస్తుంది. పోతే, "ఆ ఉప్మాతో గోడకు సినిమా పోస్టర్ అంటించొచ్చు" లాంటివి నిశ్చింతగా రాయండి. ఉప్మా గట్టిపడిందన్నంత మాత్రాన మనిషి గౌరవం తగ్గదు. ఒక్క మినహాయింపు: ఆ హీటరు కుర్రాడు ఇవాళ హోటలో క్యాటరింగో నడుపుతుంటే ఆ జోకు అతని వృత్తి మీద పడుతుంది. వృత్తి విషయంలో ఒకరి ప్రతిష్ఠ దిగజార్చడం గురించి అదే సెక్షన్‌లో ప్రత్యేకంగా ఉంది. ఇప్పుడేం చేస్తున్నాడో కనుక్కుని రాయండి.

ఇక్కడిదాకా పరువు. నన్నడిగితే మీ పుస్తకానికి అంతకంటే పెద్ద గండం గోప్యత. దీనికి దారి చూపింది కూడా ఒక ఆత్మకథ కేసే. ఆటో శంకర్ అనే మరణశిక్ష పడిన ఖైదీ జైల్లో రాసుకున్న కథను నక్కీరన్ అనే తమిళ పత్రిక వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994లో సుప్రీంకోర్టు, ప్రచురణను ముందుగానే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదంటూనే మరో మాట కూడా చెప్పింది. ఒక మనిషి కుటుంబం, పెళ్లి, సంతానం వంటి విషయాలను అతని అనుమతి లేకుండా ఎవరూ ప్రచురించకూడదు, అది నిజమైనా సరే, పొగడ్తయినా సరే. కోర్టు రికార్డుల వంటి పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాలకు మినహాయింపు ఇచ్చింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించాక ఈ వాదనకు ఇంకా బలం వచ్చింది. అంటే అవతలివాళ్ల పడకగది, జబ్బులు, పిల్లలు పుట్టకపోవడం, మందుల చీటీలు, వాళ్ల ఇప్పటి భార్యాపిల్లల సంగతులు నిజమే అయినా వద్దు. మీ మనసులో ఏమైందో, మీరెంత వెర్రిగా ప్రేమించారో, ఎంత ఏడ్చారో, ఆ రోజు ఏం వండారో, అదంతా మీది. రాసుకోండి. మొదటాయన భార్యకు మీ సంగతి తెలియకపోయి ఉండొచ్చు. ఆవిడ కోసమైనా ఆనవాళ్లు బాగా చెరిపేయండి. ఇది చట్టం చెప్పిన మాట కాదు, నా మాట. ఫోటోలు వేయాలనుకుంటే ఆ ముగ్గురివీ వేయకండి.

కులం మీద, తిండి అలవాట్ల మీద జోకులుంటే తీసేయండి. "వాళ్ల కులంలో అంతే" అన్న ఒక్క ముక్క, ఎవరి గురించి అన్నారన్నదాన్ని బట్టి, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా తీసుకెళ్లొచ్చు.

కోర్టు తమాషా గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీ పెళ్లి హిందూ వివాహ చట్టం కిందదైతే, ఆ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ మూసిన తలుపుల వెనకే జరగాలి, అందులో జరిగినదేదీ అచ్చువేయకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు మాత్రం కోర్టు ముందస్తు అనుమతితో వేయవచ్చు. ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి రూపాయల దాకానే. వెయ్యే కదా అని నవ్వుకోకండి. జరిమానా చిన్నదే కానీ, చట్టం వద్దన్న పని చేశారన్న మాట మిగతా కేసులో మీ మెడకు చుట్టుకుంటుంది. కోర్టు మెట్లు దిగాక బయట టిఫిన్ బండి దగ్గర మీరిద్దరూ ఇడ్లీ తిన్నారా? అది రాయండి. లోపల జడ్జి గారు అన్నది వదిలేయండి. ఇంకో పని, 2009 నాటి విడాకుల కాగితాలు బయటికి తీసి రాజీ షరతులు చదవండి. ఒకరి గురించి ఒకరు చెడుగా ప్రచారం చేయకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మీదాంట్లో ఉంటే ఆ మొత్తం అధ్యాయాన్ని నాలాంటి వాడెవడితోనైనా ఒకసారి చదివించాలి.

ప్రేమలేఖలు మీ పెట్టెలో ఉన్నాయి, కాగితాలు మీవే. వాటిలోని రాత మీద కాపీరైట్ మాత్రం రాసినవాడిది, అతని తరువాత వారసులది. వాట్సాప్ మెసేజ్‌లైనా ఇదే లెక్క. అనుమతి లేకుండా అచ్చంగా దించకండి. "నా జడను గోదావరితో పోల్చి నాలుగు పేజీలు రాశాడు, చివర్లో పది రూపాయలు అప్పడిగాడు" అని మీ మాటల్లో చెబితే కాపీరైట్ గొడవ ఉండదు.

అత్తగారి నోటుబుక్కు దగ్గరే అసలు మెలిక ఉంది. వంట మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. ఆవకాయకు మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, మెంతులు ఏ పాళ్లలో కలపాలన్నది ఎవరైనా రాయొచ్చు. ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకు ఉంటుంది. కాబట్టి ఆవిడ "కారం చూసి దడుచుకోవద్దు, మూడో రోజుకి ముక్కే దాన్ని మింగేస్తుంది" అని రాసి ఉంటే ఆ వాక్యం ఆవిడది. నోటుబుక్కు మీ చేతికి ఇచ్చినంత మాత్రాన రాత మీద హక్కు మీకు రాదు, హక్కు బదిలీకి రాతపూర్వక కాగితం కావాలి. వీలునామాలో ఆ పుస్తకం మీకు రాసి ఉంటే మాత్రం, అచ్చు కాని రాత కాబట్టి, కాపీరైట్ కూడా మీకే ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం హక్కు ఆవిడ పిల్లలకూ భర్తకూ పోతుంది. అంటే ఆవకాయ పేజీ ఉన్నదున్నట్టు వేయడానికి మీరు అనుమతి అడగాల్సిన వాళ్లలో మీ మాజీ భర్త ఒకరు! ఇది మీ పుస్తకంలో ఒక అధ్యాయానికి సరిపోతుంది. ఆ చేతిరాత పేజీల ఫోటోలు కూడా ఇందులోకే వస్తాయి. యూట్యూబ్ చానళ్ల నుంచి, అచ్చయిన వంటల పుస్తకాల నుంచి తీసుకున్నవైతే మీరు వండి చూసి మీ మాటల్లో రాయండి. చనిపోయారు కదా అని అత్తగారి మీద మాటలు జారకండి, కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశంతో రాస్తే పోయినవాళ్ల విషయంలోనూ పరువు నష్టం వర్తిస్తుంది.

ఇంత చేసినా నోటీసు రావచ్చు. కంగారు పడొద్దు. నోటీసులో కోటి రూపాయలు అడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు, దావాలో కోటి అడిగితే దానికి తగ్గ కోర్టు ఫీజు కట్టాలి. సివిల్ దావాకు గడువు ప్రచురించిన నాటి నుంచి ఏడాది. క్రిమినల్ వైపు పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టి పట్టుకెళ్లే కేసు కాదిది. పరువు పోయిందన్న మనిషి మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయాలి, కేసుల విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం కేసు తీసుకునే ముందు మీ మాట కూడా వినాలి. పుస్తకం రాకముందే ఇంజంక్షన్, అంటే ప్రచురణ ఆపమని కోర్టు ఉత్తర్వు, అడిగేవాళ్లూ ఉంటారు. రచయిత ఖుష్వంత్ సింగ్ ఆత్మకథలో తమ కుటుంబ విషయాలున్నాయని మేనకా గాంధీ కోర్టుకెళితే అలాగే ఆపారు. రచయిత తాను రాసినదానికి కట్టుబడి నిరూపించుకుంటానంటే సాధారణంగా ముందే ఆపకూడదని 2001 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును తీసేసింది. గెలిచాడు, నిజమే. కానీ ఏళ్ల తరబడి పుస్తకం బయటికి రాలేదు.

"ఇందులోని పాత్రలన్నీ కల్పితం" అన్న ముక్క వేయకండి. వెనక అట్ట మీద "నిజ జీవిత కథ" అని ఉండి, లోపల కల్పితం అంటే రెండూ నిలవవు. "కొందరి పేర్లు, ఊళ్లు, ఉద్యోగాలు మార్చాను, కొన్ని సంఘటనలు కలిపి రాశాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇప్పుడు అగ్రిమెంటు. అందులో నష్టపరిహార షరతు ఎక్కడుందో వెతకండి, ఇండెమ్నిటీ అని ఉంటుంది. పుస్తకం మీద ఎవరు కేసు వేసినా ప్రచురణకర్తకయ్యే లాయరు ఫీజులు, పరిహారం, పాత కాపీలు వెనక్కి తెప్పించే ఖర్చు అన్నీ రచయితే భరించాలని ఉంటుంది మామూలుగా. దానికి పరిమితి పెట్టమనండి, మీకు వచ్చే రాయల్టీకి మించకుండా. మీకు చెప్పకుండా అవతలివాళ్లతో రాజీ కుదుర్చుకుని ఆ బిల్లు మీకు పంపకూడదని కూడా రాయించండి. ప్రచురణకర్త ఎడిటింగులో చేర్చిన వాక్యాలకు, అట్ట మీద వేసిన మాటలకు మీ బాధ్యత లేదని మరో లైను. ఈ మూడింటికీ ఒప్పుకుంటే సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఇంకో ప్రచురణకర్తను చూసుకోండి.