గుడ్డు ముందు గిన్నెలోకి

ఒరే నాన్నా,

ఆదివారం పొద్దున పటమట గదిలో నలుగురికీ నువ్వే టిఫిను చేస్తానన్నావట, ఒక్క బాండీలోనే పాస్తా, గుడ్లూ కలిపి. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి మగపిల్లాడు తనంతట తాను పొయ్యి ముందు నిలబడుతున్నాడంటే నాకెంత గర్వమో! కానీ బెంగ కూడా పట్టుకుంది.

నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, టమాటాలు మగ్గనియ్యి. 300 గ్రాముల పాస్తా, ముప్పావు లీటరు నీళ్లు, ఉప్పు వేసి మూత పెట్టు. అడుగంటకుండా మధ్యమధ్య కలుపు. నీళ్లు వార్చెయ్యకు, పాస్తాలోంచి దిగే గంజితోనే అంతా చిక్కబడుతుంది. నేను పంపింది తేజ మిరపకాయల కారం, సన్నం రకం మిరపకాయల కన్నా ఘాటు. అర చెంచా దాటకు.

ఇక గుడ్లు. ఏ గుడ్డునీ తిన్నగా బాండీలోకి కొట్టకు! మీ బాబాయి అలాగే చేశాడు. రోహిణి కార్తె ఎండలు, గుంటూరింట్లో నిండా చుట్టాలు. ఒంటిచేత్తో గుడ్లు కొట్టడం వాడికో గొప్ప. అన్నీ బాగానే పడ్డాయి, ఆఖరిది కుళ్లిపోయింది. ఇంటిల్లిపాదికీ చేసిన ఉప్మా అంతా ఆ కంపుతో పెంటలో పోయాల్సొచ్చింది. మీ నాన్నకి ఆవేళ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మజ్జిగ తాగి బస్సెక్కాడు. గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను. మీ బాబాయి తొందరే నీకూ వచ్చింది, వాడి మంచి మనసూ వచ్చిందిలే.

అందుకని ఒక్కో గుడ్డూ చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, అప్పుడు పాస్తాలో గుంట చేసి జార్చు. కొట్టేముందు నీళ్లలో వేసి చూడు. అడుగున పడుకుంటే తాజాది, నిటారుగా నిలబడితే పాతది, తేలితే పారెయ్. పెంకులోని సన్నటి రంధ్రాల గుండా తడి ఆరిపోయి లోపల గాలి పెరుగుతుంది, అందుకే తేలుతుంది. మునిగింది కదాని గిన్నె మానెయ్యకు.

సన్నసెగ మీద మూత పెట్టి, పచ్చసొన కూడా గట్టిపడేదాకా ఉంచు. జారుడుగా ఉంటేనే రుచి అంటావు, తెలుసు. సరిగ్గా ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చురా, నీ కడుపు చిన్నప్పట్నుంచీ అంతంతమాత్రం. గుడ్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కో. వంటయ్యాక రెగ్యులేటర్ కట్టెయ్యి.

అందరికీ వడ్డించి నువ్వు అడుగుబొడుగు తినకు, నీ గుడ్డు ముందే పక్కన పెట్టుకో. బాండీ మాత్రం వాళ్లతోనే తోమించు. తిన్నాక నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త