తాడు మీద పనికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఎత్తైన కట్టడాల మీద తాళ్లకి వేలాడుతూ చేసే పనికి (రోప్ యాక్సెస్) ఇచ్చే శిక్షణలో లెవల్ 1 పాసయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. వచ్చే వారమే సైటుకి వెళ్తున్నావట. శిక్షణలో నేర్పినవన్నీ మళ్లీ చెప్పను. బాగా నేర్చుకున్నవాళ్లు కూడా పని తొందరలో పడ్డాక కొన్నిటిని వదిలేస్తారు. వాటి గురించే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రెండో తాడు. గుహల్లోకి దిగేవాళ్లు ఒక్క తాడు మీదే దిగుతారు. మన విద్య వాళ్ల నుంచి వచ్చిందే. కానీ పరిశ్రమల్లోకి వచ్చేసరికి దానికి రెండో తాడు చేరింది. 1980ల చివర్లో బ్రిటన్‌లో ఏర్పడిన ఐరాటా అనే రోప్ యాక్సెస్ సంఘం పద్ధతి నిలబడింది దాని మీదే. నువ్వు బరువు వేసి దిగేది పనితాడు. పక్కన బరువు లేకుండా ఉండేది రక్షణ తాడు. రోజూ మోసేది మొదటిదే కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉంటుంది. రెండోదాన్ని కట్టామా లేదా అని చూసి ఊరుకుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

రెండు తాళ్లు కనిపించినంత మాత్రాన రెండు ఆధారాలు ఉన్నట్టు కాదురా. రెండూ ఒకే స్లింగుకి, అంటే దూలానికి చుట్టే పట్టీకి, తగిలించి ఉంటే నీకున్నది ఒక్క ఆధారమే. ఆ స్లింగు వేసిన ఉక్కు దూలం ఎంత పెద్దదైనా సరే, స్లింగులు రెండు ఉండాలి. యాంకర్లు, అంటే తాళ్లని పైన కట్టే ఆధారాలు, వేర్వేరుగా ఉన్నా, రెండు తాళ్లూ ఒకే పదునైన అంచు మీదుగా దిగుతుంటే అప్పుడూ ఒకటే లెక్క. మొదటిదాన్ని కోసిన అంచు రెండోదాన్ని వదిలిపెట్టదు. అందుకే అంచు దాటే ముందు, కంటికి కనబడే ప్రతిదాన్నీ చూసి అడుగు: ఇది పోతే నన్ను పట్టుకునేది ఏది? జవాబు వెంటనే రాకపోతే దిగకు.

యాంకర్ సంగతి. ఐరాటా మార్గదర్శకాల ప్రకారం దానికి 15 కిలోన్యూటన్ల బలం ఉండాలి. అంటే దాదాపు ఒకటిన్నర టన్నుల బరువు వేలాడదీసినా నిలవాలి. మెట్ల పక్క రెయిలింగూ, కేబుల్ ట్రే, తుప్పు పట్టిన పైపూ యాంకర్లు కావు. "నిన్న కూడా దీనికే కట్టాం" అని ఎవరైనా అంటే, నిన్న అదృష్టం బాగుందని మాత్రమే అర్థం. రెండు చోట్ల నుంచి తాడు లాగి వై ఆకారంలో కట్టేటప్పుడు మధ్య కోణం మీద కన్నేసి ఉంచు. 90 డిగ్రీల్లో ఒక్కో వైపు నీ బరువులో 70 శాతం దాకా పడుతుంది. 120కి చేరితే ఒక్కో వైపు మొత్తం బరువు పడుతుంది. పంచుకుంటాయని రెండు కట్టి, ఏ లాభమూ లేకుండా చేసుకున్నట్టు.

అంచుల గురించి ఎంత చెప్పినా తక్కువే. నిలువుగా లాగినప్పుడు టన్నుల బరువు ఆపే తాడు, బరువుతో బిగిసి ఉన్నప్పుడు పదును మీద అటూ ఇటూ కదిలితే ఇట్టే తెగుతుంది. నువ్వు గోడ మీద పక్కకి జరిగి పని చేసిన ప్రతిసారీ పైన అంచు దగ్గర తాడు రాసుకుంటూనే ఉంటుంది, నీకు కనబడదు. అక్కడ తాడుకి తొడుగైనా వెయ్యి, అంచు మీద రోలరైనా పెట్టు. అంతకంటే మంచి దారి, అంచుకి కింద మళ్లీ యాంకర్ చేసి తాడు దేనికీ తగలకుండా వేలాడేలా కట్టుకోవడం. పది నిమిషాలు ఎక్కువ పట్టినా నా ఓటు దానికే. వేడినీ మరిచిపోకు. మన తాళ్లు ఎక్కువగా నైలాన్‌వి, కరగడానికి చాలా ముందే బలం తగ్గిపోతాయి. ఆవిరి పైపులూ, వెల్డింగ్ రవ్వలూ, గ్రైండరూ ఉన్నచోట తాడుకి రక్షణ లేకుండా పని మొదలెట్టకు. యాసిడ్ కూడా నైలాన్‌కి శత్రువే, పైగా దాని దెబ్బ పైకి కనబడకపోవచ్చు. యాసిడ్ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆ తాడుని పక్కన పెట్టించు.

రక్షణ తాడు మీద ఉండి, పడితే నిన్ను పట్టుకునే బ్యాకప్ పరికరాన్ని ఎప్పుడూ భుజానికి పైనే ఉంచుకో. దిగుతూ దిగుతూ అది నడుం కిందికి జారితే, పడినప్పుడు దూరం పెరుగుతుంది, దెబ్బా పెరుగుతుంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని దిగే అలవాటు అసలు చేసుకోకు. పడిపోతున్నప్పుడు మనిషి చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా బిగిస్తాడు. అలా బిగిస్తే కొన్ని పరికరాలు తాడుని పట్టుకోవు. తాళ్ల కింది కొసల్లో ముడి వేసి ఉందో లేదో దిగే ముందే చూసుకో. తాడు అయిపోయిన సంగతి తెలియక కొసదాకా జారినవాణ్ని ఆపేది ఆ ముడే.

తనిఖీ విషయంలో ఒక్కటే చెప్తాను. ఆరు నెలలకోసారి అర్హత ఉన్నవాళ్లు చూసి రాసి పెడతారు, అది వాళ్ల పని. ఈ రోజు తాడు మొత్తాన్ని వేళ్ల మధ్య నుంచి జార్చి, మెత్తబడిన చోటు ఉందేమో చూడటం నీ పని. పనిముట్లన్నిటికీ తాడు కట్టు. 8 కిలోలు దాటినవాటిని నీ హార్నెస్‌కి, అంటే ఒంటికి కట్టుకునే పట్టీలకి, తగిలించకు, వేరే తాడు మీద వేలాడదియ్యి. నీ కింద మనుషులు నడవకుండా చోటు మూసి ఉండాలి.

ఇప్పుడు రక్షణ పథకం, అంటే తాడు మీద చిక్కుకున్నవాణ్ని ఎలా దించాలన్న ఏర్పాటు. నా లెక్కలో ఇది యాంకర్ కంటే తక్కువది కాదు. స్పృహ తప్పి హార్నెస్‌లో కదలకుండా వేలాడేవాడికి రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఫైర్ సర్వీసుకి ఫోన్ చేద్దాంలే అనుకుంటే అది పథకం కాదు, వాళ్లు వచ్చేదాకా వాడు ఆగలేడు. పని మొదలుకాకముందే తాళ్లు పైనుంచి దింపగలిగేలా, యాంకర్ దగ్గర డిసెండర్ (తాడుని అదుపులో వదిలే పరికరం) బిగించి కట్టి ఉంటే, పైనున్నవాడు లివర్ తిప్పి నిన్ను నేల మీదికి దింపగలడు. అలా కట్టారా అని అడుగు. జట్టులో కనీసం ఇద్దరుండాలి, అందులో ఒకరు లెవల్ 3 సూపర్‌వైజర్ అయి తీరాలి. ఆయన లేకుండా నువ్వు దిగకూడదు. లెవల్ 2కి పన్నెండు నెలల అనుభవమూ తాడు మీద 1000 గంటల పనీ కావాలన్నది ఊరికే పెట్టిన నియమం కాదు, తొందరపడకు.

నువ్వే ఇరుక్కుపోయి, స్పృహలోనే ఉంటే కాళ్లు కదుపుతూ ఉండు, ఫుట్ లూప్‌లో (పాదానికి ఆనుగా ఉండే ఉచ్చులో) పాదం పెట్టి బరువు మార్చుకుంటూ ఉండు. కిందికి దించినవాణ్ని పడుకోబెట్టకూడదని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట పోయింది. అందరికీ చేసే ప్రథమ చికిత్సే చెయ్యాలి, స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

గాలి పెరిగినా, యాంకర్ నచ్చకపోయినా "దిగను" అను. గొంతు పెంచక్కర్లేదు, కారణం చెప్పు చాలు. అలా అన్నందుకు కోప్పడే సూపర్‌వైజర్ దగ్గర పని మానేసినా మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

మొదటి సైటుకి వెళ్లాక యాంకర్లు దేనికి కట్టారో, అంచు దగ్గర ఏం వేశారో, రక్షణ పథకంలో నీకిచ్చిన పని ఏమిటో నాకు వివరంగా రాయి.

ఇట్లు,
మామయ్య