జిమ్‌లో చేరిన మూడో రోజే మెట్లు దిగలేకపోతున్నా... మానేయాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను, టీచర్‌ను. బీపీకి టెల్మిసార్టాన్ మాత్ర వాడుతున్నాను. కండరాలకు బలం రావాలంటే బరువులు ఎత్తాలని డాక్టర్ చెబితే సోమవారం జిమ్‌లో చేరాను. మొదటి రోజే స్క్వాట్స్ ఐదు సెట్లు చేయించారు. ఆ రాత్రి బాగానే ఉంది. బుధవారం పొద్దున మంచం దిగలేకపోయాను. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుందని, ఆపకుండా చేస్తేనే పోతుందని ట్రైనర్ అంటున్నారు. ఈ వయసులో ఇవన్నీ ఎందుకని మా అత్తమ్మ కోప్పడుతోంది. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇస్తే రెండు రోజులుగా వేసుకుంటున్నాను. జిమ్ మానేయాలా?

జవాబు: జిమ్ మానకండి. డైక్లోఫెనాక్ ఇంకా వేసుకుంటుంటే మాత్రం ఈ రోజే ఆపేయండి. ఎందుకో కింద చెబుతాను.

సోమవారం కష్టపడితే నొప్పి బుధవారం ముదరడం చూస్తే ఇది అలవాటు లేని పని వల్ల వచ్చిన కండరాల నొప్పే అనిపిస్తోంది. ఇది చేసిన మర్నాడు మొదలై, రెండు మూడు రోజులకు బాగా పెరిగి, ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే పోతుంది. లాక్టిక్ యాసిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోపే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. బుధవారం దాకా తొడల్లో కూర్చోదు.

మరి నొప్పి ఎక్కడిది? మీరు పద్మాక్షి గుట్ట ఎక్కి ఉంటే గుర్తు చేసుకోండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కువగా దిగడం వల్లే. దిగేటప్పుడు తొడ కండరం ఒంటి బరువును ఆపుతూనే సాగాల్సి వస్తుంది. అలా సాగుతూ పని చేసినప్పుడే కండరపు పోగుల్లో కంటికి కనిపించనంత సన్నని చిరుగులు పడతాయి. వాటిని బాగు చేసుకోవడానికి శరీరం అక్కడ వాపు తెస్తుంది, ఆ వాపే నొప్పి. స్క్వాట్స్‌లో మీరు కిందికి కూర్చున్న ప్రతిసారీ జరిగింది ఇదే.

మీ అత్తమ్మ ఎప్పుడైనా నాట్లు వేసి ఉంటే ఈ సంగతి నాకన్నా ఆమే బాగా చెప్పగలరు. వానకాలం మొదటి రెండు రోజులూ నడుము, తొడలు కదలనివ్వవు. నాలుగైదు రోజులకు అదే మడిలో అదే పని తేలికవుతుంది. ఒకసారి దెబ్బ తిని బాగుపడిన కండరం తర్వాతిసారి అంత తొందరగా దెబ్బ తినదు. అందుకే మానొద్దంటున్నాను.

అలాగని నొప్పి మీద నొప్పిగా అదే పని చేయించడం సరికాదు. తొడల నొప్పి చాలావరకు పోయేదాకా కాళ్లకు బరువులు వద్దు. భద్రకాళి చెరువు కట్ట మీద మెల్లగా అరగంట నడవండి, కాళ్లు కాస్త వదులవుతాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఐదు సెట్లు కాదు, ఒకటో రెండో చాలు. అదీ బరువు లేకుండా, కుర్చీలో కూర్చుని లేచినట్టు. వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోండి. కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మొదటి నెలకు ఆ రెండు రోజులు సరిపోతాయి. మర్నాడు నొప్పి వస్తేనే వ్యాయామం పనిచేసిందన్న మాట జిమ్‌లలో తరచూ వింటాం. నొప్పి లేకుండానే బలం పెరుగుతుంది, దయచేసి నొప్పిని కొలతగా పెట్టుకోకండి.

ఇక మాత్రల సంగతి. డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకు రక్త ప్రసరణను తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ వాడుతూ, చెమట పోయి, నీళ్లు తక్కువ తాగిన ఒంట్లో అవి పడితే మూత్రపిండాలు దెబ్బ తినొచ్చు. రెండు రోజులకే భయపడక్కర్లేదు, ఒకసారి బీపీ చూపించుకోండి. నొప్పి భరించలేకపోతే, కాలేయ సమస్య లేనివాళ్లు ఒకటి రెండు రోజులు పారాసిటమాల్ 500 ఎంజీ వేసుకోవచ్చు. వేడినీళ్ల స్నానం, మెత్తగా మర్దన కూడా హాయినిస్తాయి. ఒళ్లు నొప్పులకు ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు ఉంది. ఈ నొప్పికి దాని అవసరమే లేదు.

తిండిలో అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పలచని చారుతో రెండు పూటలు గడిపితే అది అందదు.

ఒక్క విషయం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. మూత్రం రంగు చూసుకోండి. కోలా రంగులోనో, పాలు లేని టీ రంగులోనో వచ్చినా, బాగా తగ్గినా, తొడలు ఉబ్బి రాయిలా గట్టిపడినా, కాలు ఎత్తే బలమే లేకపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఎంజీఎం అయినా సరే, దగ్గర్లోని మరేదైనా సరే. కండరం ఎక్కువగా చితికి అందులోని పదార్థాలు రక్తంలోకి వచ్చి మూత్రపిండాలను దెబ్బతీసే ఈ పరిస్థితిని రాబ్డోమయోలైసిస్ అంటారు. సీకే అనే రక్త పరీక్షలో తెలుస్తుంది. ఇది అరుదే. కానీ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మే నెల ఎండలో ఒక్కసారిగా పరుగులు, గుంజీళ్లు మొదలుపెట్టే పిల్లల గురించి నాకు చాలా బెంగ. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లు, సికిల్‌సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాలకు సంబంధించిన జన్యు లోపం అమ్మానాన్నల్లో ఒకరి నుంచే రావడం) ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ములుగు, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఈ లక్షణం ఉంది కాబట్టి కఠినమైన శిక్షణకు ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఒక్క పిక్క మాత్రమే వాచినా, కీలులో పోటు వచ్చినా, వ్యాయామం చేస్తుండగా ఛాతీ బరువెక్కినా అవి ఈ నొప్పి కిందికి రావు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. అలాంటివేవీ లేకపోతే, ఈ జవాబు మీరు చదివేసరికి మెట్లు దిగడం తేలికై ఉంటుంది. అప్పుడు జిమ్‌కు వెళ్లి, మీ బీపీ మందు సంగతి ట్రైనర్‌కు చెప్పి, ఒక్క సెట్‌తో మళ్లీ మొదలుపెట్టండి.